వంటింటి పాచి

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఉన్నట్టే మా వంటింట్లోనూ 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను బోర్లించే డిస్పెన్సర్ ఒకటి ఉంది. కిందటి వానాకాలంలో దాని ధార సన్నబడితే కుళాయి విప్పి చూశాను. పైకి తళతళలాడుతున్న ఆ కుళాయి లోపల చిటికెన వేలు పెట్టగానే జర్రున జారింది. బయటికి తీస్తే గోటి అంచున బూడిద రంగు జిగురు అంటుకొని ఉంది. వారానికి రెండు క్యాన్లు మారుస్తున్నాం గాని, కొన్ననాటి నుంచి ఆ కుళాయిని ఎవరూ విప్పలేదు.

ఆ జిగురును శాస్త్రవేత్తలు బయోఫిల్మ్ అంటారు. మనకు దానికి ఎప్పటినుంచో మాట ఉంది: పాచి. నిద్ర లేచేసరికి పళ్ల మీద పేరుకొని ఉండేది పాచి, వానకు మెట్ల మీద కాలు జార్చేది పాచి, రాత్రి ఎంగిలి గిన్నెలను పొద్దున్నే తోమడం పాచిపని. డచ్చి బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1683లో తన పళ్ల పాచినే గీకి, తాను స్వయంగా నూరుకున్న కటకంతో చూసి, అందులో కదులుతున్న సూక్ష్మజీవుల గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి జాబు రాశాడు. వెనిగర్‌తో పుక్కిలిస్తే పాచి పైభాగంలోని జీవులే చచ్చాయని, లోపలి వాటికి అది అందలేదని కూడా ఆయన గమనించాడు. ఇంటి శుభ్రత విషయంలో మనం ఇప్పటికీ చేస్తున్న పొరపాటంతా ఆ ఒక్క పరిశీలనలోనే ఉందని నాకనిపిస్తుంది.

తడి ఉన్నచోట బాక్టీరియా ఏదో ఒక ఉపరితలానికి అతుక్కొని, చక్కెర గొలుసులు, ప్రొటీన్లు కలిసిన బంకను తమ చుట్టూ స్రవించుకుంటుంది. పైనుంచి క్లోరిన్ పోస్తే అది ముందుగా ఆ బంకతోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది. అడుగున తిండి, గాలి తక్కువై మందకొడిగా బతుకుతున్న జీవుల దాకా చేరేది కొద్దిగానే. అందుకే రుద్దడం ముందు, మందు తరువాత. రుద్దకుండా పోసిన ఫినాయిల్ వాసనకు తప్ప పెద్దగా పనికిరాదు.

నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుందని విసుక్కుంటాం. తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో, సంపులో, మిద్దె మీది ట్యాంకులో కొత్తగా క్రిములు కలిస్తే అడ్డుకోవలసింది అదే. ఇంట్లోని ఫిల్టర్‌లో ఉండే కార్బన్ ఆ వాసనతో పాటు ఆ కాపలానూ తీసేస్తుంది. కాబట్టి రుచిగా ఉన్న నీటిని రోజుల తరబడి గది వేడిలో నిలవ ఉంచకూడదు, అవి నిలిచే పాత్రను, కుళాయిని తరచు తోమాలి.

ఇంట్లో అన్నిటికంటే మురికిది ఏదని అడిగితే ఎవరైనా మరుగుదొడ్డి వైపే చూపిస్తారు. నిజానికి గిన్నెలు తోమే స్పాంజి దాన్ని మించిపోగలదు. 2017లో జర్మనీ పరిశోధకులు వాడకంలో ఉన్న 14 స్పాంజీలను పరిశీలిస్తే, కొన్నిచోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో 5,000 కోట్ల దాకా బాక్టీరియా కణాలు కనిపించాయి. ఇంట్లో వేడిచేసో మరోలాగో క్రమం తప్పక శుద్ధి చేస్తున్నామన్న స్పాంజీల్లోనూ అవేమీ తగ్గలేదు. పద్నాలుగే గనక దీన్ని మరీ పెద్దది చేసి చెప్పకూడదు. పైగా వాటిలో చాలా భాగం ఆరోగ్యవంతులను జబ్బు చేయనివే. అక్కడ బాగా కనిపించిన మోరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా మనకు ముక్కు ద్వారా పరిచయమే: వానాకాలంలో ఆరీ ఆరని బట్టలు వేసే ముక్కవాసనకు ఒక కారణం అదే.

ఆ వాసన మే నెలలో రాదు. బయట నలభై డిగ్రీల పొడి ఎండ కాస్తున్నప్పుడు మిద్దె మీద ఆరేసిన మసిగుడ్డ గంటలో పెళపెళలాడుతుంది. ఆగస్టులో అదే గుడ్డ సింకు అంచున మడతపడి మూడు రోజులైనా చెమ్మగానే ఉంటుంది; దానితోనే గట్టు తుడిచి, దానితోనే చేయి తుడుచుకొని, దానితోనే కంచం తుడుస్తాం. నీళ్లు లేనిదే బాక్టీరియా పెరగదు కాబట్టి, ముసురు రోజుల్లో రెండు మూడు మసిగుడ్డలను మార్చి మార్చి వాడి, వాడినవి మరిగే నీళ్లలో ఉడకబెట్టి, పంకా కింద విప్పి ఆరేయడం ఏ ఖరీదైన ద్రావణం కంటే అయినా మేలు. స్పాంజినైతే పిండి నిలబెట్టాలి, వాసన రాకముందే పారేయాలి.

ఆదివారం చికెన్ సంగతి వేరు, అక్కడ నిజంగా జబ్బు చేసే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ఉండే అవకాశం ఎక్కువ. పసుపు, ఉప్పు వేసి కుళాయి ధార కింద కడగడం మనకు అలవాటు. ఆ తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీదా, గ్లాసుల మీదా పడతాయి. క్రిములను చంపేది బాగా ఉడకడమే, కడగడం కాదు. కడగక తప్పదనుకునేవారు వెడల్పాటి గిన్నెలో మెల్లగా కడిగి, ఆ తరువాత సింకును, కత్తిని, బోర్డును సబ్బుతో తోమాలి. ఉల్లిపాయలు కోసే బోర్డు మీద మాంసం కోయకపోతే సగం బెడద తీరుతుంది.

ఫోన్ గురించి భయపడేంత లేదు, పొడి అద్దం మీద ఏదీ పెరగదు; అన్నం తినేముందు కడిగిన చేత్తో మళ్లీ దాన్ని పట్టుకోకపోతే చాలు. బ్లీచింగ్ ద్రావణంతో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. దాన్ని బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మా డిస్పెన్సర్ కుళాయిని ఆ రోజు పాత టూత్ బ్రష్‌తో, సబ్బు నీళ్లతో లోపలిదాకా తోమి, మరగకాచిన నీళ్లు పోసి, విడి భాగాలను బాల్కనీలో ఆరబెట్టాను. ఇప్పుడు క్యాన్ అబ్బాయి వచ్చి ఖాళీ క్యాన్ తీసుకువెళ్లే ప్రతి రెండో శనివారం ఆ పని నా వంతు. వేలు జారడం మానేసింది.