వేళ్లకు ఆకులు మొలిచిన అమ్మాయి

చిరంజీవులైన మనవలకు,

అమ్మమ్మ దీవెనలు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నా బీరువాలో ఉన్న శిల్పాల పుస్తకం తిరగేస్తూ, ‘అమ్మమ్మా, ఈ అక్క వేళ్లకు ఆకులెందుకు మొలిచాయి?’ అని అడిగారు. అప్పటికే మీ నాన్న ఆటో పిలిచేశాడు, రైలుకు టైమైపోతోంది. ‘అది పెద్ద కథరా, ఉత్తరం రాస్తాలే’ అన్నాను. ఇదిగో ఆ ఉత్తరం.

ఆ అమ్మాయి పేరు డాఫ్నీ. ఒక నదీదేవుడి కూతురు. మన మన్మథుడి లాగా రోమన్ల కథల్లో క్యుపిడ్ ఉన్నాడు, చిన్న పిల్లవాడు. అపోలో అనే దేవుడు వాణ్ణి చూసి ‘నీకెందుకురా విల్లు?’ అని వెక్కిరించాడు. వాడికి రోషం వచ్చింది. బంగారు బాణం తీసి అపోలోను కొట్టాడు, సీసపు బాణం తీసి డాఫ్నీని కొట్టాడు. బంగారు బాణం తగిలితే ప్రేమ పుడుతుంది. సీసపు బాణం తగిలినవాళ్లు ప్రేమంటేనే పారిపోతారు. ఆయన వెంటపడ్డాడు, ఆమె పరుగెత్తింది. ఇక దొరికిపోతానని తెలిసి, ‘నాన్నా, కాపాడు, ఈ రూపం మార్చెయ్యి’ అని మొక్కుకుంది. మాట పూర్తయిందో లేదో ఒంటిని బెరడు కమ్ముకుంది, జుట్టు ఆకులైంది, చేతులు కొమ్మలయ్యాయి, అంతసేపూ పరుగెత్తిన పాదాలు నేలలో నాటుకుపోయాయి. ఆమె లారెల్ చెట్టయింది. మనం పలావులో వేసే బిర్యానీ ఆకు చెట్టు దానికి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం.

చిన్నప్పుడు ఈ కథ నాకు చాలా అందంగా అనిపించేది. ఇప్పుడు చదివితే గుండె బరువెక్కుతుంది. వద్దన్న పిల్ల వెంట దేవుడంతటివాడు పడ్డాడు. తప్పించుకోవడానికి ఆమె మనిషిగా ఉండటమే మానుకోవలసి వచ్చింది.

ఈ కథ మొదట గ్రీకులది. కానీ తర్వాతి చిత్రకారులు, శిల్పులు దీన్ని ఎక్కువగా చదువుకున్నది ఓవిడ్ అనే రోమన్ కవి దగ్గర. ఆయన క్రీ.పూ. 43లో పుట్టాడు. ‘మెటమార్ఫొసీస్’ అని 15 భాగాల కావ్యం రాశాడు. అంటే రూపాలు మారడం. మనుషులు చెట్లు, పిట్టలు, రాళ్లు, నక్షత్రాలు అయిపోయే కథలు అందులో సుమారు 250 ఉన్నాయి. క్రీ.శ. 8లో చక్రవర్తి అగస్టస్ ఆయన్ను నల్ల సముద్రం ఒడ్డున, ఇప్పటి రొమేనియాలో ఉన్న ఊరికి వెళ్లగొట్టాడు. ఎందుకో ఆయనే చెప్పాడు: ఒక కావ్యం, ఒక పొరపాటు. ఆ పొరపాటేమిటో మాత్రం చెప్పలేదు. ఇల్లు వదిలే ముందు ఈ కావ్యాన్ని నా చేతులతోనే మంటలో వేశానని తర్వాత రాసుకున్నాడు. స్నేహితుల దగ్గర నకళ్లు ఉండబట్టి అది మిగిలింది.

ఆయన కంటే ముందుతరం కవి వర్జిల్‌దీ ఇలాంటి కథే. పదేళ్లకు పైగా ‘ఈనియిడ్’ అనే కావ్యం రాసి, అది ఇంకా దిద్దాలనుకుంటూ క్రీ.పూ. 19లో చనిపోయాడు. పోయేముందు దాన్ని కాల్చెయ్యమన్నాడంటారు. అగస్టస్ కాల్చనివ్వలేదు. ఒక కవి పుస్తకాన్ని మంటనుంచి కాపాడిన చక్రవర్తే ఇంకో కవిని ఇల్లు లేకుండా చేశాడు. చదివినప్పుడల్లా నాకు ఇక్కడ మనసు ఆగిపోతుంది.

సరే, మీ బొమ్మ దగ్గరికి వస్తాను. దాన్ని చెక్కినవాడు బెర్నీని. 1622లో మొదలుపెట్టేటప్పటికి అతనికి 23 ఏళ్లు. 1625లో పూర్తయింది. రోములో బోర్గీసే గ్యాలరీలో ఉంది. చెట్టుగా మారడమంటే కొంతసేపు పట్టే పని. కవికి మాటలున్నాయి గనక ముందు బెరడు, తర్వాత ఆకులు, తర్వాత వేర్లు అని వరసగా చెప్పుకుపోగలడు. రాయికి ఆ వీలు లేదు, ఒక్క క్షణమే దొరుకుతుంది. బెర్నీని ఏంచేశాడో చూడండి. మొదట ఆ బొమ్మను ఎలా నిలబెట్టారంటే, గదిలోకి వచ్చినవాళ్లకు ముందు అపోలో వీపు కనిపిస్తుంది, ఎవరో పరుగెడుతున్నారంతే. నాలుగడుగులు పక్కకు వేస్తే అమ్మాయి కనిపిస్తుంది. ఇంకా చుట్టూ తిరిగితే బెరడు, ఆకులు, కాలివేళ్ల నుంచి దిగుతున్న వేర్లు. కాలం రాతిలో లేదు, చూసేవాడి కాళ్లలో ఉంది! ఆ ఆకులు ఎంత పలచగా ఉంటాయంటే... మీరు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కాను చూశారు కదా, రాతి ముసుగు వెనక ముఖం కనిపిస్తుందే, అది. దాన్ని చెక్కిన బెన్జోనీ కూడా రోములో పనిచేసినవాడే. పాలరాయిని అంత పలచన చెయ్యాలంటే ఉలి పట్టిన చెయ్యి ఒక్కసారి కూడా తొట్రుపడకూడదు. డాఫ్నీ ఆకుల పనిలో బెర్నీని పక్కన ఫినెల్లి అనే కుర్ర శిల్పి చెయ్యి ఉంది. ఆ పేరూ గుర్తుంచుకోండి, సాయం చేసినవాళ్ల పేర్లు తొందరగా మరిచిపోతారు.

మంచి కళాకారుడు కావ్యాన్ని బొమ్మలోకి దించి ఊరుకోడని నా నమ్మకం. అందులో ఒక మాట పట్టుకుని దానికి జవాబు చెబుతాడు. ఇకారస్ కథ తెలుసుగా, మైనంతో అతికించిన రెక్కలతో సూర్యుడి దగ్గరికి ఎగిరి సముద్రంలో పడిన అబ్బాయి. ఓవిడ్ ఆ కథలో ముగ్గుర్ని పెట్టాడు: గాలం వేసేవాడు, కర్ర మీద ఆనుకున్న కాపరి, నాగలి పట్టిన రైతు. ముగ్గురూ తలెత్తి, ఆకాశంలో పోయేవాళ్లు దేవుళ్లే అయ్యుంటారని నోరు తెరుచుకుని చూశారట. బ్రసెల్స్‌లో ఒక చిత్రం ఉంది, బ్రూగెల్ అనే చిత్రకారుడిది. మన చేతికి వచ్చింది ఆయన బొమ్మకు నకలని ఇప్పుడు చాలామంది పండితులు అంటున్నారు. అందులోనూ ఆ ముగ్గురున్నారు. కానీ రైతు చాలు చూసుకుంటున్నాడు, గాలంవాడు నీళ్లు చూసుకుంటున్నాడు, కాపరి ఇంకోవైపు ఆకాశం చూస్తున్నాడు. ఒక మూల నీళ్లలో రెండు చిన్న కాళ్లు కొట్టుకుంటున్నాయి. మనిషి చచ్చిపోతున్నాడని నాగలి ఆగదని ఆ దేశాల్లో ఒక సామెత ఉంది. రైతుది కఠినమైన మనసని నేననుకోను, నాగలి గుర్రాన్ని వదిలి తలెత్తే తీరిక అతనికి లేదు. కానీ ఓవిడ్ ఇకారస్ వైపు తలెత్తించిన ముగ్గురి చూపునూ బ్రూగెల్ పక్కకు తిప్పేశాడు చూడండి, అదే జవాబు.

పాటలోనూ ఇంతే. ‘ఈనియిడ్’లో కార్తేజ్ రాణి డిడో, తనను వదిలి వెళ్లిన కథానాయకుడు ఈనియస్‌ను శపించి చనిపోతుంది, మన రెండు జాతుల మధ్య పగ ఎప్పటికీ ఆరకూడదని. ఇంగ్లండులో పర్సెల్ అనే సంగీతకర్త ఆ కథకు సంగీతం కట్టాడు. అది 1689 నాటికే చెల్సీలోని ఒక ఆడపిల్లల బడిలో ప్రదర్శించారు. అందులో డిడో శపించదు. నన్ను గుర్తుంచుకో, నా రాతను మాత్రం మరిచిపో అని పాడుతుంది. పాట కింద వాయించే మంద్ర స్వరాలు మెట్టు మెట్టుగా దిగుతాయి, మళ్లీ మొదటికొచ్చి మళ్లీ దిగుతాయి. ఆ పాట విని నేను ఏడవని రోజు లేదు.

ఓవిడ్ తన కావ్యాన్ని ఒక్క మాటతో ముగించాడు: ‘బతికుంటాను’.

ఈ ఉత్తరంతో బ్రూగెల్ చిత్రం కాపీ ఒకటి పెడుతున్నాను. ఇకారస్ తండ్రికి ఒక మేనల్లుడు ఉండేవాడు. చేప వెన్నెముక చూసి రంపం కనిపెట్టాడు. ఓర్వలేక మేనమామ వాణ్ణి కోట మీదనుంచి తోసేస్తే, దేవత మినర్వా మధ్యలోనే పట్టుకుని కౌజుపిట్టను చేసింది. అందుకే ఆ పిట్ట ఇప్పటికీ ఎత్తుకు ఎగరదు. కొడుకును పూడ్చిపెడుతున్న మేనమామను చూసి అది సంతోషంతో రెక్కలు కొట్టుకుందని ఓవిడ్ రాశాడు. ఆ పిట్ట ఈ చిత్రంలో ఉంది. ఎక్కడుందో నేను చెప్పను. వెతికి, దొరకగానే ఉత్తరం రాయండి.

మీ
అమ్మమ్మ