లూపులో లెక్కించిన విలువలు, వాటి గ్రాఫు: కొన్ని అపోహలు, వాస్తవాలు

రాయగడలో నా దగ్గర పైథాన్ నేర్చుకునే తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, ప్రోగ్రామింగు దగ్గరకు వచ్చేసరికి అంతా ఇంగ్లీషులో వినవలసి వస్తుంది. ఆదేశాలు నోటికి వస్తాయి గానీ, లూపు (ఒకే ఆదేశాలను పదేపదే నడిపేది) లోపల విలువకు ఏమవుతుందో మనసులో బొమ్మ కట్టదు. అందుకే దీన్ని తెలుగులో రాస్తున్నాను. లెక్క కోసం ఒక చెరువును ఊహించుకుందాం: లోతు 300 సెంటీమీటర్లు, రోజుకు 2 శాతం చొప్పున తగ్గుతుంది, 100 రోజులు చూడాలి.

అపోహ: లూపులో వచ్చిన విలువలన్నీ వేరియబుల్‌లోనే (విలువను పెట్టుకునే పేరులోనే) ఉంటాయి.

వాస్తవం: ప్రతి చుట్టులోనూ పాత విలువ చెరిగిపోయి, దాని స్థానంలో కొత్తది వస్తుంది. 300 పోయి 294, అది పోయి 288.12, ఇలా సాగి చివరకు మిగిలేది సుమారు 39.8 ఒక్కటే. ప్రింట్ చేసినప్పుడు తెరమీద వంద వరుసలు కనిపిస్తాయి కాబట్టి అన్నీ భద్రంగా ఉన్నాయని అనిపిస్తుంది. నిలవాలంటే లూపుకు ముందే ఖాళీ లిస్టు (విలువల వరుస) పెట్టుకుని, లోపల ప్రతిసారీ అపెండ్ చేయాలి, అంటే చివర చేర్చాలి. ఆ ఖాళీ లిస్టును లూపు లోపల రాస్తే ప్రతి చుట్టులోనూ మళ్లీ ఖాళీ అవుతుంది.

అపోహ: గ్రాఫు ఖాళీగా వచ్చిందంటే లెక్క తప్పింది.

వాస్తవం: చాలాసార్లు లెక్క సరిగానే ఉంటుంది. లూపు లోపల ఒక్కొక్క బిందువునే ప్లాట్ ఆదేశానికి ఇస్తే, గీత గీయడానికి రెండు బిందువులైనా కావాలి కనుక గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఏమీ కనిపించదు. మార్కరు అడిగితే తప్ప అది చుక్క పెట్టదు. విలువలన్నీ పోగుచేసి, లూపు ముగిశాక ఒక్కసారి గీయడమే సరైన పద్ధతి.

అపోహ: అపెండ్ చేస్తే ఆ క్షణంలోని విలువ లిస్టులో స్థిరపడిపోతుంది.

వాస్తవం: మామూలు సంఖ్యకు ఇది నిజమే, నంపై (పైథాన్‌లో సంఖ్యల లెక్కలకు వాడే లైబ్రరీ) అర్రేకు, అంటే దానిలోని సంఖ్యల వరుసకు, కాదు. నా విద్యార్థిని ఒకరు 300, 240, 180 సెంటీమీటర్ల లోతున్న మూడు చెరువులను ఒకే అర్రేలో పెట్టి, ప్రతి చుట్టులోనూ ఆ అర్రేనే 0.98తో అక్కడికక్కడే గుణించి, దాన్నే లిస్టులో చేర్చింది. గ్రాఫులో మూడు అడ్డగీతలు వచ్చాయి. "మాస్టారూ, నీళ్లు తగ్గనే లేదండి" అంది. లిస్టు తెరిచి చూస్తే వంద వరుసల్లోనూ 39.8, 31.8, 23.9 అనే చివరి రోజు అంకెలే ఉన్నాయి. లిస్టులో చేరినవి వంద అర్రేలు కావు, ఒకే అర్రేకు వంద చిరునామాలు. ఆ ఇల్లు మారితే అన్ని చిరునామాల్లోనూ మారిన ఇల్లే కనిపిస్తుంది. అపెండ్ చేసేటప్పుడు పక్కన కాపీ అని చేర్చగానే మూడు గీతలూ కిందికి వంగాయి. నేను చూసినవాటిలో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే ఇక్కడ ఏ ఎర్రరూ రాదు.

అపోహ: లిస్టు అపెండ్, నంపై అపెండ్ ఒకటే.

వాస్తవం: నంపైది ప్రతిసారీ అర్రే మొత్తాన్ని కొత్తచోటికి కాపీ చేస్తుంది. లక్ష విలువలు చేర్చేసరికి అలా కాపీ అయిన విలువలు మొత్తం దాదాపు 500 కోట్లవుతాయి.

అపోహ: ముందే సున్నాలతో అర్రే నింపి ఉంచుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

వాస్తవం: వేగానికి మంచిదే. అయితే లూపు 60వ రోజున ఆగిపోతే, మిగిలిన సున్నాల వల్ల చెరువు హఠాత్తుగా ఎండిపోయినట్టు గీత కిందికి పడుతుంది. నాన్ (సంఖ్య కాదు అని సూచించే) విలువలతో నింపితే గీత అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: 100 రోజులకు 100 విలువలు.

వాస్తవం: మొదటి 300తో కలిపి 101. రోజులను 1 నుంచి 100 వరకు తీసుకుంటే పొడవులు కుదరలేదని ఎర్రరు వస్తుంది. అప్పుడు చాలామంది చివరి విలువను కత్తిరిస్తారు. ఎర్రరు పోతుంది గానీ, 1వ రోజున 294 ఉండవలసిన చోట 300 కూర్చుని, గ్రాఫు మొత్తం ఒక రోజు పక్కకు జరుగుతుంది. రోజులను 0 నుంచి మొదలుపెట్టాలి.