అడవి పూల రెసిన్ నగలు: స్టాల్ దగ్గర వినిపించే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే చాలు, పెండెంట్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తూ ఎవరో ఒకరు అంటారు: "ఇందులో ఏముందండీ, పువ్వు పెట్టి రెసిన్ పోయడమేగా!" అచ్చులో గాజులా గట్టిపడే ఆ ద్రవాన్ని పోయడం నిజంగానే చిటికెలో పని. అంతకు ముందు పువ్వు ఆరాలి, అదీ మన విశాఖ గాలిలో. పేచీ అంతా అక్కడే.

అపోహ: తాజా పువ్వు పెడితేనే నగ తాజాగా ఉంటుంది.

గాలి తగలకుండా మూసేస్తే పాడవదని వాళ్ల లెక్క. పువ్వులోని నీళ్లు ఎక్కడికి పోతాయి మరి? కొన్నాళ్లకు రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి, చుట్టూ మసక కమ్ముతుంది, సన్న బుడగలు తేలతాయి. ఖాళీ ప్లాట్లలో ఎక్కడ పడితే అక్కడ కనిపించే గడ్డి చేమంతినే తీసుకోండి. రేకులు తొందరగానే ఆరతాయి కానీ మధ్యలోని పసుపు బొడ్డులో తేమ దాక్కుంటుంది. గోటితో నొక్కి చూడాలి. మెత్తగా అణిగిందా, ఇంకా పచ్చిదే.

పల్చటి ఆకులకు పాత న్యూస్‌పేపర్, పైన బరువు చాలు. కాగితం మాత్రం రోజూ మార్చాలి. మందపాటి పూలకు సిలికా జెల్ వాడతాను. నారింజరంగు గింజలు ఆకుపచ్చకు తిరిగితే ఇక తేమ పీల్చలేవని గుర్తు. సన్నటి వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, వంటపాత్రల్లో మాత్రం వద్దు. వానాకాలంలో ఎండిన పువ్వు కూడా బయట ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. అందుకే డబ్బాలోంచి తీసిన వెంటనే అచ్చులోకి వెళ్లిపోవాలి.

ఆ గడ్డి చేమంతితోనే ఇంకో చిక్కుంది. తెల్లటి రేకుల్లోకి రెసిన్ ఇంకితే అవి పారదర్శకమైపోతాయి, పసుపు బొడ్డొక్కటే మిగిలినట్టు కనిపిస్తుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను బ్రష్‌తో పల్చగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి పోస్తే చాలావరకు తెలుపు నిలుస్తుంది.

అపోహ: గట్టిపడకపోతే హార్డెనర్ ఇంకాస్త ఎక్కువ వేయాలి.

ఇదేం పులుసులో ఉప్పు కాదు, చాలకపోతే ఇంకొంచెం వేయడానికి. మనం పోసేది ఎపాక్సీ అనే రకం రెసిన్. అందులో రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు భాగాలు ఒక లెక్క ప్రకారం కలిస్తేనే గట్టిపడతాయి. ఏది ఎక్కువైనా మిగిలింది అలాగే ఉండిపోయి ముక్క మెత్తగా తయారవుతుంది. సీసా మీద 2:1 బరువు ప్రకారం అని ఉంటే తూచాల్సిందే, కప్పుతో కొలవకూడదు. ముక్క గట్టిగానే ఉండి పైన జిడ్డు పొర ఉంటే కథ వేరు. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి హార్డెనర్‌తో చేసే పని అది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగితే పోతుంది, టెన్షన్ పడక్కర్లేదు. పోసేటప్పుడు కిటికీలు తెరిచే ఉంచి, తర్వాత అచ్చులను సిలికా పొట్లాలతో పాటు మూత డబ్బాలో పెడతాను.

అపోహ: ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. ముందు రెసిన్ సంగతి. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్క అయితే పురుగుల నుంచి వచ్చే సహజ రెసిన్. మనం పోసే ఎపాక్సీ ప్రధానంగా పెట్రో రసాయనాలతో తయారైంది. "బయో" అని రాసిన సీసాల్లో కూడా సాధారణంగా కొంత భాగమే మొక్కల నుంచి వస్తుంది. గట్టిపడక ముందు పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ పట్టుకోవచ్చు, పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. చేతికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, సబ్బుతో కడగండి. సాండింగ్, అంటే గరుకు కాగితంతో అరగదీయడం, నీళ్లతోనే చేయాలి. ఎన్95 మాస్క్ పొడిని ఆపుతుంది కానీ రెసిన్ ఆవిరిని ఆపదు.

ఇక మొక్కలు. గురివింద గింజలతో చెవి దిద్దులు చేయమని అడుగుతూనే ఉంటారు. ఎర్రటి గింజ, నల్ల బొట్టు, చూడముచ్చటగా ఉంటుంది. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచిన గింజే. లోపల అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. గట్టి పెంకు ఉన్నంతసేపు బయటికి రాదు. రంధ్రం చేసినా, అరగదీసినా పొడి రేగుతుంది. "రెసిన్‌లో మూసేస్తారు కదా" అంటారు. దిద్దు పగిలి చంటిపిల్లల చేతిలో పడితే? ఆర్డర్ పోతే పోనీ, నేను చేయను. వయ్యారిభామనూ ముట్టుకోను, దురద, దద్దుర్లు దాని పుణ్యమే.

అపోహ: అడవి పువ్వు ఎవరిదీ కాదు, కోసుకోవచ్చు.

కంబాలకొండ అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి మొక్కలు తీసుకురాకూడదు. బీచ్‌లో బాలబంది తీగ, రావణాసురుడి మీసాలు ఇసుకను పట్టి ఉంచుతాయి, వాటినీ వదిలేయండి. లాంటానా మాత్రం బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన కంప. ఖాళీ స్థలాల్లో యజమానిని అడిగి ఎంత కోసుకున్నా బెంగ లేదు. గుత్తి విడదీస్తే ఒక్కో బుల్లి పువ్వు ఒక్కో దిద్దుకు అచ్చంగా సరిపోతుంది.

అపోహ: ఒకసారి గట్టిపడితే ఇక ఏమీ కాదు.

ఎండకు పసుపెక్కుతుంది, యూవీ రక్షణ ఉన్న రెసిన్ దాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపదు. నగల రెసిన్లు చాలావరకు 50 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడతాయి. మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డ్ ఆ వేడిని సులువుగా దాటుతుంది. పల్చటి పెండెంట్ అలా వంగిపోతే పారేయకండి. కాస్త వేడి నీళ్లలో ఉంచి మెత్తబడ్డాక గాజు పలక మీద పెట్టి, పైన బరువు ఉంచి చల్లారనివ్వండి. చాలాసార్లు మళ్లీ తిన్నగా వస్తుంది.