నల్ల చిట్టెలుక, గోధుమ చిట్టెలుక: మధ్యలో ఒక ఎంజైమ్

పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎవరికి ఎక్కువో ఒక్క రక్తపరీక్షతో చెప్పేయొచ్చని 1973లో గట్టి ఆశ పుట్టింది. రోగుల తెల్ల రక్తకణాల్లో ఒక ఎంజైమ్ మామూలు వాళ్లలో కంటే తేలిగ్గా పెరుగుతోందని అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు ప్రకటించారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. ఒక్క రక్తపరీక్షతో ముప్పు చెప్పడం ఎందుకంత తేలిక కాదో అర్థం కావాలంటే ఎలుకల దగ్గరికి వెళ్లాలి.

1909లో హార్వర్డ్‌లో క్లారెన్స్ కుక్ లిటిల్ చిట్టెలుకల్లో తోబుట్టువులనే జతకట్టించడం మొదలుపెట్టాడు. అలా 20 తరాలు సాగితే పిల్లలన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఒకే జన్యువులతో పుడతాయి. గోధుమ రంగు డీబీఏ జాతి అలా వచ్చిందే. నల్లటి సీ57 బ్లాక్ జాతికి మూలం మసాచుసెట్స్‌లో ఎలుకలు పెంచి అమ్మిన ఆబీ లేత్రోప్ దగ్గరి 57వ నంబరు ఆడ ఎలుక. తన ఎలుకల్లో కణితులు గమనించి, శాస్త్రవేత్త లియో లోబ్‌తో కలిసి పరిశోధన పత్రాలు కూడా రాసిన ఆమెకు దక్కాల్సినంత గుర్తింపు ఇప్పటికీ దక్కలేదు.

తారులో, సిగరెట్ పొగలో ఉండే బెంజోపైరీన్‌ లాంటివి నేరుగా డీఎన్ఏని పట్టుకోవు. శరీరంలోని ఎంజైములు వాటిని మార్చాకే ఆ పదును వస్తుంది. ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనది ఏరైల్ హైడ్రోకార్బన్ హైడ్రాక్సిలేజ్. హ్యూస్టన్‌లో తెల్ల రక్తకణాల్లో కొలిచింది దీన్నే. 1970 ప్రాంతంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో డేనియల్ నెబర్ట్ బృందం బెంజోపైరీన్ లాంటిదే అయిన మిథైల్‌కొలాంత్రీన్ ఇచ్చి చూస్తే, నల్ల ఎలుకల కాలేయంలో ఈ ఎంజైమ్ ఎన్నో రెట్లు పెరిగింది. డీబీఏలో పెద్దగా కదల్లేదు. రెండు జాతులనూ కలిపి పిల్లల్ని పుట్టిస్తే, ఈ తేడా ప్రధానంగా ఒకే జన్యువు మీద ఆధారపడుతోందని తేలింది. చర్మం కింద అదే రసాయనం ఎక్కిస్తే, ఎంజైమ్ పెరిగే ఎలుకలకే కణితులు ఎక్కువ వచ్చాయి.

1976లో అలన్ పోలండ్ అసలు తాళం చూపించాడు. రసాయనాన్ని పట్టుకుని, ఎంజైమ్‌ను పెంచమని కణానికి కబురు పంపే రిసెప్టర్ ఒకటుంది. డీబీఏలో అదీ ఉంది, కానీ దాని పట్టు బలహీనం. 2000లో ఈ రిసెప్టరే లేని ఎలుకలకు బెంజోపైరీన్ ఇచ్చి చూస్తే కణితులు రాలేదు.

ఇక్కడితో ఆగితే ఎంజైమే దోషి అనిపిస్తుంది. 1979లోనే దానికి అడ్డం తిరిగిన ఫలితం వచ్చింది. బెంజోపైరీన్‌ను తిండితో ఇచ్చినప్పుడు లుకేమియా (రక్త క్యాన్సర్) ఎక్కువగా వచ్చింది ఎంజైమ్ పెరగని ఎలుకలకే! పేగులో, కాలేయంలో ఎంజైమ్ చురుగ్గా ఉంటే విషం ఎముక మజ్జకు చేరకముందే చాలావరకు విరిగిపోతుంది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఈ ముక్కే. విషం ఏ దారిన ఒంట్లోకి వచ్చింది, ఎంజైమ్ ఏ అవయవంలో పనిచేస్తోంది అన్నది వదిలేసి రక్తంలో ఒక్క అంకె చూస్తే ముప్పు ఎటు మొగ్గుతుందో తెలియదు.

2004లో నెబర్ట్ బృందమే సీవైపీ1ఏ1 అనే ఈ ఎంజైమ్ జన్యువును తీసేసిన ఎలుకలకు రోజూ నోటిద్వారా బెంజోపైరీన్ ఇచ్చింది. అవి నెల రోజుల్లోపే చనిపోయాయి. జన్యువు ఉన్న మామూలు ఎలుకలు అదే మోతాదు తిని, పైకి ఏ జబ్బూ కనపడకుండా ఏడాది బతికాయి.