తరగతులు ఆగినా ఆట ఆగని ఏడాది

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్‌లోని సెంట్రల్ హైస్కూల్ పేరు వినగానే, 1957 సెప్టెంబరులో అరుస్తున్న గుంపు మధ్య పుస్తకాలు పట్టుకుని ఒంటరిగా నడిచిన పదిహేనేళ్ళ ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ (శ్వేతజాతి పిల్లలే చదివే ఆ బడిలో చేరడానికి వచ్చిన తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థుల్లో ఒకరు) ఛాయాచిత్రం చాలామందికి గుర్తుకు వస్తుంది. నల్లజాతి పిల్లలను చేర్చుకోవడంపై రేగిన ఆ వివాదం బడి గుమ్మం దగ్గరే ముగిసిపోయిందని అనుకోవడం మాత్రం పొరపాటు. ప్రజాధనంతో కట్టిన బడిలో ఎవరికి ఎంతవరకు హక్కు ఉంటుందన్న ప్రశ్న భవనం దగ్గర మొదలై, తరగతి గదులు దాటి, ఫుట్‌బాల్ మైదానం దాకా సాగింది. ఆ క్రమాన్ని చూడాలంటే భవనం కట్టిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

1927లో ప్రారంభమైనప్పుడు ఈ బడి పేరు లిటిల్ రాక్ సీనియర్ హైస్కూల్. ఐదుగురు వాస్తుశిల్పులు రూపకల్పన చేసిన ఆ కట్టడానికి 15 లక్షల డాలర్లు ఖర్చయింది. ముఖద్వారం పైన ఆశయం, వ్యక్తిత్వం, అవకాశం, సన్నద్ధత అనే గుణాలకు ప్రతీకలుగా నాలుగు విగ్రహాలను నిలిపారు. దేశంలోకెల్లా అందమైన హైస్కూలని అమెరికన్ వాస్తుశిల్పుల సంస్థ దీనిని ప్రశంసించింది. అందులో శ్వేతజాతి పిల్లలకు మాత్రమే ప్రవేశం ఉండేది. రెండేళ్ళ తరువాత, 1929లో, నల్లజాతి పిల్లల కోసం డన్‌బార్ పాఠశాలను సుమారు 4 లక్షల డాలర్లతో కట్టారు; అందులోనూ కొంత భాగం రోజెన్‌వాల్డ్ నిధి వంటి దాతృత్వ సంస్థల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. వేతనాల్లోనూ ఇదే తేడా ఉండటంతో, డన్‌బార్‌లో ఇంగ్లీషు బోధించిన స్యూ మోరిస్ సమాన వేతనం కోరుతూ 1942లో కోర్టుకెక్కి, 1945లో అప్పీలులో గెలిచారు. తొమ్మిది మంది పిల్లలు సెంట్రల్ గడప తొక్కడానికి ముందే ఈ పోరాటం మొదలైందన్న సంగతి మరుగున పడకూడదు.

సెంట్రల్‌కు భవనం తరువాత పేరు తెచ్చింది ఫుట్‌బాల్. 1936లో కట్టిన, తరువాత కోచ్ ఎర్ల్ క్విగ్లీ పేరు పెట్టిన స్టేడియం ఎంత పెద్దదంటే, 1948లో నగరంలో మరో పెద్ద స్టేడియం వచ్చేవరకు ఆర్కన్సా విశ్వవిద్యాలయ జట్టు కూడా లిటిల్ రాక్‌లో తన ఆటలు అక్కడే ఆడేది. సెంట్రల్ ‘టైగర్స్’ జట్టు 1950ల మధ్యలో 30కి పైగా ఆటల్లో వరుసగా గెలిచింది. విల్సన్ మాథ్యూస్ శిక్షణలో 1957లో ఆడిన 12 ఆటలూ గెలిచి, జాతీయ స్థాయిలో మేటి జట్టుగా గుర్తింపు పొందింది. అదే ఏడాది, అదే ఆవరణలో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులు తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను తరగతి నుంచి తరగతికి కాపలా కాస్తూ తీసుకువెళ్ళవలసి వచ్చింది.

పిల్లలను జాతుల వారీగా వేరు వేరు బడుల్లో ఉంచే విభజన రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954లో తీర్పు ఇచ్చిన తరువాత, లిటిల్ రాక్ పాఠశాలల సూపరింటెండెంట్ వర్జిల్ బ్లోసమ్ తయారుచేసిన ప్రణాళిక చాలా కొద్దిమందినే, అదీ ఒక్క సెంట్రల్‌లోకే అనుమతించింది. నగరంలోని సంపన్న శ్వేతజాతి ప్రాంతంలో 1957లోనే తెరిచిన హాల్ హైస్కూల్‌కు ఒక్క నల్లజాతి విద్యార్థినీ కేటాయించలేదు. సెంట్రల్‌లో చేరినవారికి కూడా పాఠాలు వినే హక్కు తప్ప మరేదీ దక్కలేదు. ఆటలు, బ్యాండు, గానబృందం, క్లబ్బులు అన్నీ నిషిద్ధం. జెఫర్సన్ థామస్ అంతకుముందు డన్‌బార్‌లో పరుగు పందేల క్రీడాకారుడు. ఎర్నెస్ట్ గ్రీన్ తన పాత బడి బ్యాండులో శాక్సఫోన్ వాయించేవాడు. ఇద్దరూ వాటిని వదులుకునే సెంట్రల్‌లో చేరారు. తోసివేతలు, తిట్లు, దెబ్బల గురించి చదివినంతగా ఈ నిషేధం గురించి మనం చదవం. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. తోటివారితో కలిసి ఆడనివ్వని, పాడనివ్వని బడిలో విద్యార్థి పేరు హాజరు పట్టీలో ఉన్నా, అతను ఆ బడి వాడు కాలేడు. 1958 మే 27న క్విగ్లీ స్టేడియంలో జరిగిన స్నాతకోత్సవంలో సెంట్రల్ నుంచి పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థిగా గ్రీన్ వేదిక ఎక్కినప్పుడు, అతని కుటుంబంతో పాటు మార్టిన్ లూథర్ కింగ్ కూడా ప్రేక్షకుల్లో ఉన్నారు. గ్రీన్ పేరు పిలిచినప్పుడు సభ నిశ్శబ్దంగా ఉండిపోయింది.

ఆ తరువాతి విద్యాసంవత్సరంలో జరిగింది ఇంకా విచిత్రం. విభజన రద్దును వాయిదా వేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1958 సెప్టెంబరు 12న ఆదేశించిన రోజునే గవర్నర్ ఆర్వల్ ఫాబస్ అప్పటికే సిద్ధంగా ఉన్న చట్టాలపై సంతకం చేసి, నగరంలోని నాలుగు హైస్కూళ్ళనూ మూయించాడు. సెప్టెంబరు 27న జరిగిన ఓటింగులో అన్ని బడుల్లోనూ కలిసి చదువుకోవడానికి వ్యతిరేకంగా 19,470 మంది, అనుకూలంగా 7,561 మంది ఓటు వేశారు. 3,665 మంది పిల్లలకు బడి లేకుండా పోయింది. ఉపాధ్యాయులు మాత్రం ఒప్పందం ప్రకారం రోజూ వచ్చి ఖాళీ గదుల్లో కూర్చునేవారు. అయినా ఫుట్‌బాల్ ఆగలేదు: గవర్నర్ ఆమోదంతోనే ఆ సీజను కొనసాగింది, పాఠాలు లేని బడుల పేరిట జట్లు ఆడాయి, జనం చూడటానికి వచ్చారు. నిరుడు తొమ్మిది మందికి తరగతి తెరిచి మైదానం మూసిన వ్యవస్థ, ఈ ఏడాది అందరికీ తరగతి మూసి మైదానం తెరిచి ఉంచింది. శ్వేతజాతి పిల్లల్లో అత్యధికులు ప్రైవేటు బడుల్లోనో, పొరుగూళ్ళ బడుల్లోనో చేరగలిగారు. నల్లజాతి పిల్లల్లో దాదాపు సగం మందికి ఆ ఏడాది చదువే లేదు. ‘కోల్పోయిన సంవత్సరం’ అని చరిత్ర దానికి పేరు పెట్టినా, నష్టం అందరికీ సమానంగా పడలేదు.

బడులు తెరవాలని నగర మహిళలు సంఘంగా ఏర్పడి ప్రచారం చేశారు. 1959 మేలో విభజనవాద పాఠశాల బోర్డు సభ్యులను ఓటర్లు తొలగించారు; జూన్‌లో ఫెడరల్ కోర్టు మూసివేత చట్టాలను కొట్టివేసింది; ఆగస్టులో బడులు తెరుచుకున్నాయి. జెఫర్సన్ థామస్, కార్లోటా వాల్స్ తిరిగి సెంట్రల్‌లో చేరి 1960లో పట్టాలు పుచ్చుకున్నారు.

సెంట్రల్ 1982లో జాతీయ చారిత్రక చిహ్నంగా, 1998లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. ఇప్పటికీ అది ప్రభుత్వ హైస్కూలే. అయితే బడుల మీద అధికారం ఎవరిదన్న వివాదం అక్కడ పాతబడలేదు. 2015 జనవరిలో రాష్ట్ర విద్యా బోర్డు 5-4 ఓట్లతో లిటిల్ రాక్ పాఠశాలల యాజమాన్యాన్ని తన చేతుల్లోకి తీసుకుని, ఎన్నికైన స్థానిక బోర్డును రద్దు చేసింది. తమ బోర్డును తిరిగి ఎన్నుకోవడానికి నగర ఓటర్లు 2020 దాకా ఎదురుచూడవలసి వచ్చింది.