వడ్లకు మొలక వచ్చి వేరు రాకపోతే అది నకిలీ విత్తనమేనా?

నారుమళ్ల సీజన్ మొదలైతే చాలు, మా విత్తన పరీక్ష ల్యాబ్‌కు ఇదే ఫోన్. "సార్, మొలక వచ్చింది గానీ వేరు లేదు. నకిలీ విత్తనం అంటగట్టారు." ఎంతసేపు నానబెట్టారని అడిగితే, "ఇంకా డ్రమ్ములోనే ఉన్నాయి సార్, ఎక్కువ నానితే వేరు బలంగా వస్తుందన్నారు" అంటారు.

రైతును నిండా ముంచుతున్నది ఈ మాటే. గింజకు కావలసిన నీళ్లు 24 గంటల్లో అందుతాయి. ఆ తర్వాత కావలసింది గాలి. ఆక్సిజన్ అందకపోయినా వరిలో మొలక తొడుగు సాగుతుంది, నీటి పైకి చేరి గాలి అందుకోవడానికి. వేరు మాత్రం కదలదు. అదే గాలి తగిలితే ముందు ముక్కు పగిలి తెల్లటి చుక్క కనిపిస్తుంది. అది వేరు తొడుగు. దాన్ని చీల్చుకుని తొలి వేరు బయటికొస్తుంది.

కాబట్టి 24 గంటలు నానాక నీళ్లన్నీ వంపేసి గోనెసంచిలో మండె కట్టండి, అంటే మొలకెత్తడానికి మూటకట్టి ఉంచండి. వానాకాలం ఇంకో 24 గంటలు చాలు, యాసంగి చలిలో ఎక్కువ పడుతుంది. మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. బాగా వేడెక్కితే విప్పి కలియబెట్టి నీళ్లు చిలకరించాలి. ముక్కు పగలగానే చల్లేయాలి, వేరు పొడుగైతే చల్లేటప్పుడు తెగుతుంది.

పోయిన యాసంగిలో ఒక పెద్దాయన, ఆయన భార్య బకెట్‌తో వచ్చారు. దారాల్లాంటి తెల్లటి మొలకలు, పులిసిన వాసన, ఒక్క వేరు లేదు. అదే సంచిలో మిగిలిన గింజలను తడి కాగితం మీద పెడితే చక్కగా వేర్లొచ్చాయి. "అయితే విత్తనం మంచిదేనా నాయనా" అని ఆమె అడిగితే నాకు నోట మాట రాలేదు. అప్పటికే మళ్లీ విత్తనం కొన్నారు, డీలర్‌తో గొడవ పడ్డారు. పాపం, వాళ్లకు సరిగ్గా చెప్పినవాళ్లే లేరు.

గింజ ఉబ్బితే బతికున్నట్టేనా? కాదు, చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది. ల్యాబ్‌లో వరికి 5వ రోజు తొలి లెక్క, 14వ రోజు తుది లెక్క. వేరూ మొలకా రెండూ సరిగ్గా ఉన్నవే లెక్కకొస్తాయి. కనీసం 80 శాతం ఉండాలి. గింజ తలకిందులుగా పడినా ఏం కాదు, వేరు కిందికే తిరుగుతుంది. కొత్తగా కోసిన వడ్లు మొలవకపోతే చాలాసార్లు అది నిద్రావస్థే, అంటే గింజ బతికే ఉన్నా కొన్నాళ్లు మొలవదు, పారబోయకండి.

అనుమానముంటే మొత్తం నానబెట్టకముందే గుప్పెడు గింజలు మొలకకట్టి చూసుకోండి. బిల్లు, ఖాళీ సంచి, కాస్త విత్తనం దాచుకోండి. నిజంగా విత్తనంలోనే లోపముంటే పరిహారం అడగడానికి అవే ఆధారం.