ఏటిగట్టు మీద గంటకోసారి

పిల్లలూ,

గోదారికి ఎర్రనీళ్లు వచ్చేశాయి. మొన్న పొద్దున్న చూసినప్పుడు మా వైనతేయ పాయ పచ్చగానే ఉంది, సాయంత్రం అయ్యేసరికి ఇటుకపొడి కలిపినట్టు అయిపోయింది. ఇక రేవుల దగ్గర పులసల బేరాలు మొదలవుతాయి, టీవీలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో గంటగంటకీ చెబుతుంటారు. కొన్నాళ్ల కిందట ఏడో తరగతి చదివే మా మనవరాలు నన్నొక ప్రశ్న అడిగింది. మీలో చాలామందికి అలాంటి ప్రశ్నే ఉండి, ఎవరినీ అడగలేక లోపల దాచుకుని ఉంటారేమో అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. దాన్ని అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది.

"తాతయ్యా, ఊపిరి పీలిస్తే నా గుండె గబగబా కొట్టుకుంటోంది, వదిలితే నెమ్మదిస్తోంది. ఒక లెక్కలో ఉండట్లేదు. నా గుండెలో ఏదో తేడా ఉంది కదా?"

ఇది దానికెలా తెలిసిందంటే, కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలో ఉండిపోయింది. రాత్రి అందరూ పడుకున్నాక దుప్పట్లో దూరి దాన్ని వేలికి పెట్టుకుని చూస్తోందట. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపే అంకె 78 ఉంటుంది, 91 అవుతుంది, మళ్లీ 84. ఆ అంకెలు కదిలినప్పుడల్లా దానికి గుండె జారిపోతోంది, గుండె జారినప్పుడల్లా అంకె ఇంకా పెరుగుతోంది. వాళ్ల వీధిలో నలభై ఏళ్లాయన ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు, పెద్దవాళ్లు వారంరోజులు అదే మాట్లాడుకున్నారు, పిల్ల పక్కనే ఉందని ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత ఫోన్లో వెతకడం, బడిలో పరుగెత్తడం మానేయడం, రోజుకి పదిసార్లు "అమ్మా నాకేం కాదు కదా?" అని అడగడం.

ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, మెల్లగా ఊపిరి తీయించి, ఈసీజీ కూడా తీయించి, పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నిదానం ఆరోగ్యంగా ఉన్న గుండెలో ఉండేదే, పిల్లల్లో ఇంకా బాగా తెలుస్తుంది అని చెప్పారు. ఇన్నేళ్లు బతికి ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నాలుగు రోజులు పిల్ల హాయిగా ఉంది. అయిదో రోజు రాత్రి మళ్లీ ఆక్సీమీటర్. "ఆవిడ సరిగ్గా వినలేదేమో తాతయ్యా" అంది.

నేను రాయాలనుకున్నది ఈ అయిదో రోజు గురించే. జబ్బు లేదని తేలిపోయాక కూడా పోని భయం గురించి. దీన్ని నటన అనో మొండితనం అనో ఎవరైనా అంటే నమ్మకండి. ఒళ్లంతా చెమట పట్టే నిజమైన భయం అది, నాకు తెలుసు.

నాకు పదేళ్లప్పుడు పెద్ద వరద వచ్చింది. వరదప్పుడు ఏటిగట్టు మీద ఊరంతా కాపలా ఉండేవారు, ఒక్కో ఇంటికి గట్టులో ఇంత ముక్క అని వంతులు వేసేవారు. గట్టుని కనిపెట్టి ఉండే ఉద్యోగి లస్కరు పగలంతా అటూ ఇటూ తిరిగేవాడు, రాత్రి వంతు మగవాళ్లది. మా నాన్న నన్నూ తీసుకెళ్లారు. హరికేన్ లాంతరు, గోనెపట్టా, నాలుగు ఇసుక బస్తాలు, ఒక గునపం. నీటి అంచున ఒక వెదురు పుల్ల గుచ్చి దాని మీద కత్తితో గాట్లు పెట్టారు. నీరు ఏ గాటు దగ్గరుందో చూస్తే ఏరు పెరుగుతోందో తీస్తోందో తెలుస్తుంది. నాకు ఆ పుల్ల తప్ప ఇంకేం కనబడలేదు. లాంతరు పట్టుకుని దిగడం, చూడడం, ఎక్కడం, మళ్లీ దిగడం. అల వచ్చి గాటు మునిగితే పెరిగిపోయిందని కేక, అల పోతే తగ్గిందని సంబరం. నేను దిగి ఎక్కిన చోట గట్టు మట్టి మెత్తబడి, అడుగుల అచ్చుల్లో నీళ్లు నిలిచాయి.

నాన్న తిట్టలేదు. నా చేతిలో ఇంత కొబ్బరి పీచు పెట్టి, "నువ్వు చూస్తే ఏరు తగ్గదురా. చూడకపోతే పెరగదు. గంటకోసారి చూద్దాం, ఈలోగా తాడు పేను" అన్నారు. పేనాను. అరచేతుల మధ్య పీచు పురి ఎక్కుతుంటే మొదట్లో కళ్లు పుల్ల వైపే లాగాయి. తర్వాత తాడు మీదకొచ్చాయి. తెల్లారేసరికి రెండు బారల తాడయింది. ఏరు మాత్రం దాని లెక్కన అది ఒక గాటు పెరిగి, రెండు గాట్లు తీసింది.

ఆ ఆక్సీమీటర్ మా మనవరాలికి ఆ పుల్లే. అది చూస్తే గుండె బాగుపడదు, చూడకపోతే పాడవదు. మాటిమాటికీ చూసేవాడి అడుగుల కింద గట్టు మెత్తబడినట్టు, మాటిమాటికీ చూసుకునే మనసూ మెత్తబడిపోతుంది. అల వచ్చి గాటు మునగడం వేరు, ఏరు పెరగడం వేరు. నిమిషానికోసారి చూసేవాడికి అలలే కనబడతాయి.

ధవళేశ్వరం దగ్గర మాత్రం ఏంచేస్తారు? 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు నీళ్లు రాకముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడు అనుకుని పెట్టుకున్నవి. వరద పోటెత్తుతుంటే ఎవరి భయాన్నిబట్టి వాళ్లు హెచ్చరికలు ఇస్తే ఊళ్లు రోజూ ఖాళీ చేయాలి. 1986 ఆగస్టులో అక్కడ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటి, గట్లు తెగి, డెల్టాలో ఎన్నో ఊళ్లు మునిగాయి, అది చూసినవాణ్ని నేను. కాబట్టి భయపడొద్దు, ఏమీ కాదు అని మీకు చెప్పను. కాపలా ఉండాల్సిందే, దానికో వేళ ఉండాలి, ఏ గాటు దాటితే ఎవరికి చెప్పాలో ముందే తెలిసి ఉండాలి, అంతే నేను చెప్పేది.

ఇంకో సంగతి లస్కరు దగ్గర నేర్చుకున్నది. వరదప్పుడు గట్టుకి ఇవతలి వైపు అక్కడక్కడ నీరు ఊరుతుంది. నాకది చూస్తేనే ఏడుపొచ్చేది. అతను వంగి ఆ నీరు దోసిట్లోకి తీసుకుని పరీక్షగా చూసేవాడు. తేటగా ఉంటే "ఊట బాబూ, కనిపెట్టి ఉందాం" అని సాగిపోయేవాడు. బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం, ఒక్క కేకతో ఊరు లేచేది, బస్తాలు పడేవి. ఒంట్లోనూ తేట ఊటలు చాలా ఉంటాయి. కనురెప్ప అదరడం, కడుపులో గుడగుడ, కూర్చుని లేస్తే ఓ క్షణం కళ్లు తిరగడం, పెరిగే పిల్లలకి సాయంత్రాలు పిక్కలు లాగడం. బురద నీళ్లంటే ఆటలో స్పృహ తప్పడం, ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, రక్తం పడడం, మూడు రోజులైనా దిగని జ్వరం, కారణం లేకుండా చిక్కిపోవడం. వీటికి పుల్ల చూస్తూ కూర్చోకూడదు, వెంటనే ఇంట్లో చెప్పాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయించాలి.

నా మెడ సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తి చేయలేను. ఆ వరద వెళ్లిన ఏడే మా తరగతిలో ఒక అబ్బాయి జ్వరంతో పోయాడు. నా పక్కనే కూర్చునేవాడు. కొన్నాళ్లకి నా దవడ కింద చిక్కుడు గింజంత బిళ్ల తగిలింది. ఇక చెయ్యి అక్కడే. పెరిగిందా అని నొక్కడం, రెండోవైపు ఉందా అని వెతకడం. నొక్కగా నొక్కగా అది వాచింది, నొప్పెట్టింది, వాచిందని ఇంకా భయపడ్డాను. ఆర్‌ఎమ్‌పీ డాక్టర్‌గారు సైకిలు మీదొచ్చి చూసి, జలుబు చేసిన పిల్లలకి ఇలాంటివి తగులుతుంటాయి, నెలరోజులు ముట్టుకోకుండా వదిలెయ్, అప్పటికీ ఉంటే చూద్దాం అన్నారు. ముట్టుకోకుండా ఉండడం ఎలాగో ఆయన చెప్పలేదు. మా మామ్మ చెప్పింది. పొద్దున్నే నా కుడిచేతి వేళ్లకి కాటుక రాసింది. ఏమీ అనలేదు, రాసి వదిలేసింది. సాయంత్రం స్నానానికి కూర్చోబెట్టి అద్దం చూపిస్తే దవడ కిందంతా నల్లటి వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి. నాకే తెలియకుండా నా చెయ్యి అన్నిసార్లు వెళ్లింది. ఇద్దరం లెక్కపెట్టాం, ఇరవై దాటాక కలిసిపోయాయి. "రేపు కాసిని తగ్గించు నాన్నా" అంది, అంతే. మర్నాడు పదిహేను. వారానికి రెండు. నెల తిరిగేసరికి ఆ బిళ్ల సంగతి మామ్మే గుర్తుచేయాల్సి వచ్చింది.

మా మనవరాలికి కాటుక పని ఒక చిన్న పుస్తకం చేస్తోంది. ఆక్సీమీటర్ చూడాలనిపిస్తే ముందు టైమ్ రాసి, పది నిమిషాలు ఆగాలి. ఆగాక కూడా చూడాలనిపిస్తే చూడొచ్చు, కానీ చాలాసార్లు ఆ పది నిమిషాల్లో మనసు ఇంకోచోటికి పోతుంది. అలా తగ్గుతూ వచ్చాక మొన్న అదే తెచ్చి వాళ్లమ్మ చేతికిచ్చేసింది. పగలు వచ్చిన భయాల్ని కూడా ఆ పుస్తకంలోనే ఒక్కో వాక్యం రాసి, సాయంత్రం ఆరింటికి పావుగంట కూర్చుని చదువుకుంటుంది, ఆరులోపు వాటి గురించి ఆలోచించనని ఒప్పందం. సాయంత్రానికి సగం భయాలు చదివితే దానికే చప్పగా ఉంటున్నాయి. మిగిలిన సగం నాతో మాట్లాడుతుంది. అమ్మని అడగడం కూడా రోజుకి ఒక్కసారి. ఇది వాళ్లమ్మకే కష్టమైంది, పిల్ల బిక్కమొహం పెడితే "ఏం కాదమ్మా" అనకుండా ఉండలేదు కదా. కానీ ఆ మాట ఉప్పునీళ్ల లాంటిది, తాగిన కాసేపటికే దాహం. ఇప్పుడు "ఇందాక చెప్పాను అమ్మలూ, రా, ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీద్దాం" అంటోంది. మా నాన్న ఇచ్చిన కొబ్బరి పీచే ఇది. చేతులకి పని ఉంటే మనసు ఏటి దగ్గరికి ఊరికే పరుగెత్తదు.

ఫోన్లో వెతకడం పూర్తిగా మానేయమన్నాను. తలనొప్పి అని కొడితే మెదడులో గడ్డ దాకా చూపిస్తుంది, మీ దోసిట్లో నీళ్లు తేటగా ఉన్నాయో లేదో దానికి కనబడదు. పరుగు మాత్రం మానొద్దన్నాను. పరుగెత్తితే గుండె నిమిషానికి నూట యాభై పైన కూడా కొట్టుకుంటుంది, కూర్చుంటే దిగుతుంది, అది దాని పని. డాక్టర్‌గారు కూడా పరుగెత్తమనే చెప్పారు. మొదటిరోజు మా ఇంటి నుంచి చెరువుగట్టు చింతచెట్టు దాకా ఇద్దరం వడిగా నడిచాం. నాలుగో రోజు అది నన్ను వదిలేసి పరుగెత్తింది.

ఇవన్నీ చేసినా భయం తిండీ నిద్రా చెడగొడుతుంటే, చదువు సాగనివ్వకపోతే, మనసు డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో ఏ తప్పూ లేదు. 14416 అని టెలీ మానస్ నంబరుంది, 2022లో ప్రభుత్వం పెట్టింది, డబ్బులేం కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఇక అసలు ప్రశ్న. ఊపిరి పీలిస్తే గుండె ఎందుకు వేగం అందుకుంటుంది, వదిలితే ఎందుకు నెమ్మదిస్తుంది? మెదడు నుంచి గుండెకి దిగే ఒక నరం ఉంది, కళ్లెం లాంటిది, ఊపిరి వదిలేటప్పుడు అది బిగుస్తుంది, పీల్చేటప్పుడు వదులవుతుంది అని డాక్టర్‌గారు చెప్పారు. అంతకుమించి వివరించడం నాకు చేతకాదు. ఒక్క సంగతి మాత్రం చూడండి. గుండెని ఆగమంటే ఆగదు, నెమ్మదించమంటే వినదు, పుట్టినప్పటి నుంచీ ఎవరి మాటా వినకుండా కొట్టుకుంటూనే ఉంది. అలాంటిది ఊపిరి మాట వింటుంది, ఆ ఊపిరి మన మాట వింటుంది. ఏది చూసి మా పిల్ల రాత్రుళ్లు వణికిందో అదే దాని చేతిలో ఉన్న పగ్గం. భయం వేసినప్పుడు మనం గబగబా పైపైన ఊపిరి తీస్తాం, అలా ఎక్కువసేపు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లకీ పెదాలకీ తిమ్మిరెక్కుతుంది, అది చూసి ఇంకా హడలిపోతాం. అప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వేడి పాలు ఊదినంత మెల్లగా. మా మనవరాలు నా మణికట్టు పట్టుకుని, నన్ను ఊపిరి తీయమని చూసింది. "తాతయ్యా, నీది కొంచెమే మారుతోంది" అంది, కాస్త గర్వంగా. వయసు పైబడేకొద్దీ ఆ తేడా తగ్గుతుందట.

సరే, చీకటి పడకముందే పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఏటిగట్టు దాకా వెళ్లి రండి. నీళ్ల దగ్గరికి దిగొద్దు, గట్టు మీద నుంచే చూడండి. రేవు మెట్లుంటే నీరు ఎన్నో మెట్టు దగ్గరుందో లెక్కపెట్టుకుని, ఎర్రనీళ్లలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క గుంపుల్ని కాసేపు చూసి ఇంటికొచ్చేయండి. మళ్లీ రేపు అదే వేళకి. ఎన్ని మెట్లు మునిగాయో, ఎన్ని తేలాయో నాకు రాయండి.

మీ తాతయ్య